పేరేమో నగ్నం, ఒంటి నిండా బట్టలే

బీటిల్స్ వారి 'లెట్ ఇట్ బీ' గురించి ఎక్కడ మాట మొదలైనా కాసేపటికి ఒక తీర్పు వినపడుతుంది. "1970లో ఫిల్ స్పెక్టర్ ఆ పాటలను పాడుచేశాడు. 2003లో వచ్చిన 'లెట్ ఇట్ బీ... నేకెడ్' వాటి అసలు రూపం." ఈ తీర్పు చెప్పేవారిలో చాలామంది నాకంటె ఎక్కువ సంగీతం విన్నవారే. అయినా ఇది తప్పుడు తీర్పని నా వాదన. 'నేకెడ్' వినడానికి బాగుండదని నేననడం లేదు. అది తన పేరు చెప్పుకునేంత నగ్నంగా లేదని మాత్రమే అంటున్నాను. ఒక కూర్పుకు 'అసలు' అన్న బిరుదు తగిలించే ముందు దానిలో ఏ కత్తిరింపులు జరిగాయో చూడవలసిన బాధ్యత మనకుంది. ఆ బాధ్యతను ఒక ప్రచారపు మాటకు అప్పగించి ఊరుకున్నాము. ఈ టపా దాని గురించే.

ముందుగా కథ. 1969 జనవరి 2న బీటిల్స్ నలుగురూ లండన్‌లోని ట్వికెన్‌హామ్ స్టూడియోలో కెమెరాల ముందు కూర్చున్నారు. కొత్త పాటలు కలిసి సాధన చెయ్యాలి, కలిసి ఒక్క ఊపున వాయించాలి, తర్వాత ఏ వాద్యమూ ఏ గొంతూ పైన అతికించరాదు. ఇదీ వారు పెట్టుకున్న నియమం. జనవరి 10న జార్జ్ హారిసన్ అలిగి వెళ్ళిపోయాడు. తిరిగి వచ్చాక పని సావిల్ రోలోని ఆపిల్ కార్యాలయపు కింది అంతస్తుకు మారింది. 22న బిల్లీ ప్రెస్టన్ వచ్చి కీబోర్డు ముందు కూర్చున్నాడు. 30న అదే భవనం డాబా మీద 42 నిమిషాల పాటు వాయించారు. 31న మిగిలిన పాటలలో ముఖ్యమైన మూడింటిని కెమెరాల ముందు పూర్తి చేశారు. ఈ సామగ్రితో మైకేల్ లిండ్సే-హాగ్ తీసిన చిత్రం 1970 మేలో విడుదలయింది. దానికి తోడుగా అదే నెల 8న బ్రిటన్‌లో ఆల్బమ్ వచ్చింది. ఆ చిత్ర సంగీతానికి మరుసటి సంవత్సరం ఆస్కార్ కూడా దక్కింది. కనుక ఇది మామూలు ఆల్బమ్ కాదు, ఒక చిత్రపు సంగీతం. చిత్రంలో కళ్ళతో చూసినదానికి, పళ్ళెం మీద చెవులతో విన్నదానికి పొంతన ఉన్నదా అన్న ప్రశ్న మొదటి రోజునుండీ దానికి అంటుకునే ఉంది.

ఈ ఒక్క సామగ్రికి మనకు నాలుగు ముఖ్యమైన పాఠాలున్నాయి. ఇంజనీరు గ్లిన్ జాన్స్ 1969 మేలో తయారుచేసిన 'గెట్ బ్యాక్' మొదటిది. చిత్రానికి సరిపడేలా దానినే 1970 జనవరిలో ఆయన మళ్ళీ కూర్చాడు. ఈ రెండింటినీ బృందం తిరస్కరించింది. రెండవది 1970 మార్చి, ఏప్రిల్ నెలల్లో స్పెక్టర్ చేసి, విడుదలకు నోచుకున్న పాఠం. మూడవది 2003 నవంబరునాటి 'నేకెడ్'. నాలుగవది 2021 అక్టోబరులో జైల్స్ మార్టిన్, శామ్ ఓకెల్ చేసిన కొత్త మిక్సింగు. ఈ చివరిదానితో వచ్చిన పెద్ద పెట్టెలోనే గ్లిన్ జాన్స్ 1969 పాఠం కూడా మొదటిసారిగా అధికారికంగా వెలుగు చూసింది.

స్పెక్టర్ పాఠానికి నేను వకాల్తా పుచ్చుకోవడం లేదు. అది కూడా అబద్ధంతోనే మొదలవుతుంది. 1970 ఎల్పీ వెనుక అట్ట మీద, ఇందులో ప్రత్యక్షంగా వాయించినప్పటి వెచ్చదనమూ తాజాదనమూ ఉన్నాయన్న అర్థం వచ్చే మాటలు అచ్చు వేశారు. లోపల చూస్తే మూడు పాటల్లో ఆర్కెస్ట్రా! 'ది లాంగ్ అండ్ వైండింగ్ రోడ్' ఒక్కదానికే 18 వయొలిన్లు, 4 వయోలాలు, 4 చెల్లోలు, ఒక హార్ప్, 3 ట్రంపెట్లు, 3 ట్రాంబోన్లు, 14 మంది స్త్రీల బృందగానం. అన్నీ 1970 ఏప్రిల్ 1న ఒక్క పూటలో చేర్చినవి. చివరి పాట 'గెట్ బ్యాక్' మరీ విచిత్రం. పాట జనవరి 27న స్టూడియోలో వాయించినది. పాట ముగియగానే వినబడే లెనన్ చమత్కారం మాత్రం 30న డాబా మీద అన్నది. రెండింటినీ కలిపి అతికించారు. విన్నవాడు పాట మొత్తం డాబా మీదిదే అనుకుంటాడు. అనుకోవాలనే అలా చేశారు.

ఇంతవరకు స్పెక్టర్ మీది అభియోగం సరైనదే. కాని అభియోగం మోపేవారు సాధారణంగా ఇక్కడ ఆగరు. ఆ ఆల్బమ్ మీద కనిపించే ప్రతి మరకనూ ఆయన ఖాతాలో వ్రాస్తారు. పన్నెండు పాటల్లో ఆయన ఆర్కెస్ట్రా ఉన్నది మూడింటిలోనే అని చెప్పరు. 'లెట్ ఇట్ బీ' పాటలోని ట్రంపెట్లు, చెల్లోలు 1970 జనవరి 4న జార్జ్ మార్టిన్ ఆధ్వర్యంలో చేర్చినవని, స్పెక్టర్ వాటిని కాస్త పైకి తెచ్చాడంతేనని చెప్పరు. 'ఫర్ యూ బ్లూ'కి హారిసన్ 1970 జనవరిలో కొత్తగా గొంతు కలిపాడు. 'ఐ మీ మైన్' రికార్డు చేసిందే 1970 జనవరి 3న. ఆ రోజు లెనన్ అక్కడ లేడు. పాడింది ముగ్గురే. అంటే స్పెక్టర్ తలుపు తట్టకముందే నియమం గాలికి పోయింది. దానిని భంగపరచినవారు స్వయంగా నియమం పెట్టుకున్నవారే. 'నేకెడ్' వెలువడిన 2003లోనే స్పెక్టర్ ఇంట్లో ఒక హత్య జరిగింది. 2009లో ఆయనకు శిక్ష పడింది, 2021 జనవరిలో శిక్ష అనుభవిస్తూనే మరణించాడు. ఆ నేరానికి క్షమాపణ లేదు. కాని హంతకుడైనవాడి మీద సంగీతపు నేరాలు కూడా మోపడం సులువు, ఎవరూ అడ్డుచెప్పరు. ఆ సులువును మనం వాడుకోరాదు.

ఇప్పుడు 'ది లాంగ్ అండ్ వైండింగ్ రోడ్' సంగతి. స్పెక్టర్ పాఠాన్నీ 'నేకెడ్' పాఠాన్నీ పక్కపక్కన వినిపించి, "చూశారా, ఆ హంగులు తీసేస్తే లోపల ఎంత చక్కని పాట దాగి ఉందో" అనేవారిని చాలామందిని చూశాను. వారు గమనించనిది ఒకటుంది. ఆ రెండూ ఒకే పాటింపు కావు. స్పెక్టర్ తీసుకున్నది జనవరి 26నాటి టేకు. అందులో లెనన్ బేస్ వాయించాడు, చాలాచోట్ల తప్పులు వాయించాడు. 'నేకెడ్'లో ఉన్నది జనవరి 31నాటి టేకు. అది వేరే రోజు, మరింత సాధన తర్వాత వాయించినది. మాటల్లో కూడా చిన్న తేడా ఉంది. కనుక అక్కడ ఎవరూ ఏ ఆర్కెస్ట్రానూ తొలగించలేదు. బొమ్మ మీది రంగు గీకి కింది బొమ్మను చూపడం ఒకటి, ఆ బొమ్మను తీసి పక్కన పెట్టి మరో బొమ్మను తగిలించడం ఇంకొకటి. స్పెక్టర్ చేతిలో పడకముందు జనవరి 26 టేకు ఎలా ఉందో వినాలంటే 1996నాటి 'ఆంథాలజీ 3' వినాలి. వింటే ఆ వాయులీనాల అవసరం ఎందుకు వచ్చిందో కూడా కొంత అర్థమవుతుంది. అవి కొంతవరకు తప్పులను కప్పే పని చేశాయి.

ఇక్కడ ఎదుటి పక్షానికి ఒక మంచి వాదన ఉంది, దానిని నేనే చెబుతాను. జనవరి 31నాటి టేకే చిత్రంలో కనిపించేది. 1970లో థియేటర్‌లో ఆ పాటను నిరాడంబరంగా చూసి వచ్చినవాడు, ఎల్పీ కొని ఇంట్లో వినగానే వయొలిన్ల వానలో తడిసి ఉంటాడు. చిత్ర సంగీతం అన్న పేరుకు న్యాయం చేసినది 'నేకెడ్' పాఠమే. ఇది నిజం, ఒప్పుకుంటున్నాను. అయితే చిత్రానికి విధేయంగా ఉండడమే కొలబద్ద అయితే, చిత్రంలో ఉన్న 'డిగ్ ఇట్'ను 'నేకెడ్' ఎందుకు తీసివేసింది? వాళ్ళ ఊరి జానపదం 'మ్యాగీ మే'ను ఎందుకు పక్కన పెట్టింది? పాటల నడుమ వాళ్ళాడుకున్న మాటలనూ వేసుకున్న జోకులనూ తుడిచివేసి, 22 నిమిషాల విడి పళ్ళెంలో ఎందుకు పెట్టింది? చిత్రమంతా ఉన్నదే ఆ మాటల్లో. ఒకచోట చిత్రం పేరు చెప్పి, మరొకచోట ఆల్బమ్ సౌష్ఠవం పేరు చెప్పి, ఎక్కడికక్కడ అనుకూలమైన సూత్రాన్ని ఎత్తుకోవడం న్యాయం కాదు.

ఇక అసలు బట్టల సంగతికి వద్దాము. 'ఐ మీ మైన్' మొదట ఒక నిమిషం 34 సెకన్ల పాట. స్పెక్టర్ దానిలో ఒక భాగాన్ని మళ్ళీ అతికించి 2 నిమిషాల 25 సెకన్లకు సాగదీశాడు. ఇది ఆర్కెస్ట్రా కంటె పెద్ద జోక్యం. పాట కట్టడమే మారింది. 'నేకెడ్' ఆర్కెస్ట్రాను తీసివేసింది, సాగదీతను మాత్రం భద్రంగా ఉంచుకుంది! దుష్టుడని ముద్ర వేసినవాడి కత్తెర పనినే ఆదర్శంగా తీసుకుని, దాని మీద 'నగ్నం' అని చీటీ అంటించారు. ఈ ఒక్క ఉదాహరణ చాలు నా వాదన నిలబడడానికి. అయినా మరి రెండు. 'ఐ హావ్ గాట్ ఎ ఫీలింగ్', 'డోంట్ లెట్ మీ డౌన్' పాటలను బీటిల్స్ డాబా మీద రెండేసి సార్లు వాయించారు. 'నేకెడ్'లో వినబడేది ఆ రెండింటిలో ఏదీ కాదు. ఇందులోనుండి కొంత, అందులోనుండి కొంత తీసి కంప్యూటరు మీద కూర్చిన మూడవది. ఆ మధ్యాహ్నం కింద వీధిలో నిలబడి విన్నవారెవరూ ఆ పాటింపును వినలేదు. ఎందుకంటే అటువంటిది జరగలేదు. 'డోంట్ లెట్ మీ డౌన్'లో లెనన్ మాటలు మరిచిపోయి ఏవో శబ్దాలతో నెట్టుకొచ్చిన చోటు ఒకటుంది. చిత్రంలో చూస్తే నవ్వు వస్తుంది, ఆ మనిషి మీద ప్రేమ కలుగుతుంది. 'నేకెడ్'లో ఆ తప్పు లేదు. తప్పులతో సహా ఉన్నది ఉన్నట్టు వాయిద్దామని మొదలుపెట్టిన పనికి, 34 ఏళ్ళ తర్వాత తప్పులు దిద్ది, అదే మొదటి సంకల్పమని చెప్పడం ఏమి న్యాయం?

"పాట పాల్ మెకార్ట్నీది. అతనికి ఇష్టం లేకుండా మార్చారు. తన పాటను తను వెనక్కు తీసుకుంటే మీకేమి?" అన్నది తరువాతి ప్రశ్న. బరువైన ప్రశ్న. మెకార్ట్నీకి అన్యాయం జరిగిన మాట నిజం. ఆయన్ను అడగకుండానే ఆర్కెస్ట్రా చేర్చారు. బీటిల్స్ భాగస్వామ్యాన్ని రద్దుచేయమని ఆయన కోర్టుకు వెళ్ళినప్పుడు చూపిన కారణాల్లో ఈ పాట కూడా ఒకటి. కాని 1970 ఏప్రిల్‌లో మేనేజరు ఆలెన్ క్లైన్‌కు ఆయన వ్రాసిన ఉత్తరం చూడండి. అందులో కోరింది వాయులీనాల, ట్రంపెట్ల, బృందగానపు స్థాయి తగ్గించమని, చివరి హార్ప్ తీసివేయమని, తన గొంతునూ బృందపు వాద్యాలనూ పైకి తెమ్మని. మొత్తం ఊడబెరకమని కాదు. ఇదే పాటను 1984లో తన చిత్రం కోసం ఆయనే మళ్ళీ రికార్డు చేసినప్పుడు శాక్సోఫోన్‌తో సహా బోలెడు హంగులు పెట్టించాడు. కనుక ఆయనకు అభ్యంతరం ఉన్నది అలంకారం మీద కాదు, తన అనుమతి లేకపోవడం మీద. ఆ అభ్యంతరం నూటికి నూరుపాళ్ళు సమంజసమే. దానికి విరుగుడు అనుమతి తీసుకోవడం. నిరాడంబరత్వమే సత్యమని చాటడం విరుగుడు కాదు.

పైగా ఆ ఆల్బమ్ ఒక్కరిది కాదు. లెనన్ 1970 డిసెంబరులోనే స్పెక్టర్ పనిని సమర్థించాడు. ఎవరికీ పట్టని, నాసిగా రికార్డయిన టేపుల గుట్టను ఇచ్చినా దానినుండి ఏదో ఒకటి చేసి చూపించాడని ఆయన అభిప్రాయం. హారిసన్ అదే ఏడాది తన 'ఆల్ థింగ్స్ మస్ట్ పాస్'కు స్పెక్టర్‌నే పిలిచాడు. రింగో స్టార్ ఏప్రిల్ 1నాటి ఆ ఆర్కెస్ట్రా రికార్డింగులో స్వయంగా డ్రమ్స్ వాయించాడు. 'నేకెడ్' సంగతికి వస్తే, హారిసన్ 2001లో మరణించేలోగా ఒప్పుకున్నాడు, స్టార్ మెచ్చుకున్నాడు. లెనన్‌ను అడగడానికి వీలులేదు, 1980లోనే పోయాడు. 'బృందం అసలు ఉద్దేశం' అని ఎవరైనా అన్నప్పుడు, ఏ సంవత్సరంలో ఏ సభ్యుడి ఉద్దేశమని అడగడం మన హక్కు.

ఆ ఉద్దేశానికి అందరికంటె దగ్గరగా వెళ్ళినవాడు గ్లిన్ జాన్స్. తప్పుడు ఆరంభాలు, మధ్యలో ఆగిపోవడాలు, దగ్గులు, వెక్కిరింతలు అన్నీ ఉంచాడు. వాళ్ళు ఆ గదిలో ఎలా ఉన్నారో అలాగే. బీటిల్స్ విన్నారు, వద్దన్నారు. రెండవసారి తెచ్చాడు, మళ్ళీ వద్దన్నారు. ఆలోచించండి. నగ్నంగా కనబడదామని ప్రతిజ్ఞ చేసినవారు అద్దంలో చూసుకుని సిగ్గుపడ్డారు. ఈ కథలో నాకు అన్నిటికంటె మానవీయంగా తోచే ఘట్టం ఇదే. 'నేకెడ్' అన్న పేరు ఈ ఘట్టాన్ని కప్పివేస్తుంది. వారు ఎప్పుడో నగ్నంగా నిలబడడానికి సిద్ధపడ్డారనీ, ఎవడో పరాయివాడు వచ్చి బట్టలు తొడిగాడనీ ఒక కథ అల్లుతుంది. నిజానికి వారే బట్టలు అడిగారు. దర్జీ ఎవరన్నదే వివాదం.

మన పాత పుస్తకాల పరిష్కర్తలు ఈ చిక్కును ఎప్పుడో పరిష్కరించుకున్నారు. ఒక కావ్యానికి పది తాళపత్ర ప్రతులు దొరికితే, మంచి పరిష్కర్త ఒక పాఠాన్ని పైన ఉంచి మిగతా పాఠభేదాలను అడుగున చూపిస్తాడు. తాను సవరించిన చోట సవరించానని చెబుతాడు. పద్యం ప్రక్షిప్తమని అనుమానం ఉంటే గుర్తు పెడతాడు, చడీచప్పుడు లేకుండా ఎత్తివేయడు. పది ప్రతులలోనుండి నచ్చిన ముక్కలు ఏరి, పదకొండవ ప్రతి చేసి, "ఇదే కవి స్వహస్తలిఖితం" అని పీఠిక వ్రాసేవాడిని మనం పండితుడని అనము. ఆ పదకొండవ ప్రతి ఎంత ఇంపుగా ఉన్నా అనము. పాటకు ఆ మర్యాద ఎందుకు దక్కకూడదు?

ఇది ఇరవై ఏళ్ళ కిందటి పంచాయితీ, ఇప్పుడెందుకని అనవచ్చు. ఇప్పుడే అవసరం. పీటర్ జాక్సన్ బృందం 'గెట్ బ్యాక్' ధారావాహిక కోసం ఒకే టేపులో కలగలిసిన గొంతులనూ వాద్యాలనూ కంప్యూటరుతో విడదీసింది. 2021లో ఆ ఫలితం చూశాము. అదే విద్యతో లెనన్ పాత క్యాసెట్టులోని గొంతును వేరుచేసి 2023లో 'నౌ అండ్ దెన్' విడుదల చేశారు. లిండ్సే-హాగ్ పాత చిత్రం కూడా బాగుచేసిన రూపంలో 2024 మేలో తిరిగి వచ్చింది. ఈ పనులను నేను తప్పుపట్టడం లేదు. కళ్ళు చెమర్చాయి కూడా. కాని 2003లో రెండు టేకులను కుట్టడానికి ఎంతో శ్రమ పడవలసి వచ్చింది. ఇకముందు కుట్టు కనబడకుండా ఏదైనా కుట్టవచ్చు. కుట్టు కనబడనప్పుడు కుట్టామని చెప్పడమే మిగిలిన ఏకైక నిజాయితీ. ఆ అలవాటు ఇప్పుడు చేసుకోకపోతే, రేపటి శ్రోతకు 1969 జనవరి అంటే ఎవరూ తప్పు వాయించని నెల అవుతుంది.

నా మటుకు నేను చెప్పేది ఇది. 1970 ఎల్పీ మొదటి స్థానంలో ఉండాలి. అందంగా ఉందని కాదు, లోకం విన్నది అదే గనుక. ఆ ఏడాది అమెరికాలో మొదటి స్థానానికి చేరిన 'ది లాంగ్ అండ్ వైండింగ్ రోడ్' ఆ 18 వయొలిన్లతోనే చేరింది. అది జరిగిన విషయం, దానిని జరగలేదని చేయలేము. గ్లిన్ జాన్స్ పాఠం దాని పక్కన ఉండాలి. అది ఆ గది తాలూకు సాక్ష్యం. 2021 పెట్టె ఈ రెండింటినీ ఒకచోట చేర్చింది, ఆ మేరకు దానికి నమస్కారం. 'నేకెడ్' కూడా ఉండాలి, '2003 నాటి కూర్పు' అన్న నిజమైన పేరుతో. అందులోని 'ఎక్రాస్ ది యూనివర్స్' నాకు ప్రాణం. స్పెక్టర్ దానిని నెమ్మదింపజేసి ఆర్కెస్ట్రా కప్పాడు. 1969 డిసెంబరులో వన్యప్రాణుల సహాయార్థం వచ్చిన తొలి పాఠం వేగం పెంచి పక్షుల శబ్దాలు చేర్చింది. 'నేకెడ్'లోనే ఆ గొంతు సహజమైన వేగంతో, ఒంటరిగా వినబడుతుంది. తమాషా ఏమంటే ఆ పాట 1969 జనవరిది కానే కాదు, 1968 ఫిబ్రవరిలో రికార్డయినది. 'నేకెడ్'లో నాకు అన్నిటికంటె నగ్నంగా తోచిన పాట ఆ నగ్నత్వపు ప్రతిజ్ఞకు ఏడాది ముందుది!

మనమూ వ్రాసేవాళ్ళమే. పాత టపా తెరిచి, సిగ్గుపడి, ఒక వాక్యం మార్చి, తేదీ మాత్రం పాతదే ఉంచిన పాపం మనలో చేయనిదెవరు? నేనూ చేశాను. కింద వ్యాఖ్య వ్రాసినవారు ఏ వాక్యానికి జవాబిచ్చారో ఆ వాక్యమే అక్కడ లేకుండా పోయింది. ఆ రోజునుండి మార్చిన చోట మార్చానని వ్రాస్తున్నాను. చిన్న పని. కోట్ల మంది వినే పాటలకు అంతకంటె తక్కువ మర్యాద చాలునని నేను ఒప్పుకోలేను.

'నేకెడ్' అభిమానులు వ్యాఖ్యలలో నన్ను కడిగివేయవచ్చు. ఒక్కటే మనవి. వ్రాసే ముందు 'ఐ మీ మైన్'ను 'ఆంథాలజీ 3'లో ఒకసారి, 'నేకెడ్'లో ఒకసారి, చేతిలో గడియారం పట్టుకుని వినండి. తర్వాత తిట్టండి, నెనరులతో స్వీకరిస్తాను.